మోటరుకు తెలిసిన నంబరు

బోరు మోటరుకు బిగించిన స్టార్టరు పెట్టెలో ఒక సిమ్ కార్డు ఉంది. కరెంటు పోయినా, వచ్చినా ఆ పెట్టె యాదమ్మకు ఫోన్ చేసి చెబుతుంది. కరెంటు వచ్చాక మోటరు మళ్లీ నడవాలంటే ఆమె ఫోనులో ఒకటి నొక్కాలి. చెప్పే ఆడగొంతులో తొందర ఉండదు, విసుగు ఉండదు. ఉప్పునుంతల అవతల ఉన్న మూడెకరాల చెలకలో నాలుగేళ్లుగా ఇదే పద్ధతి. పెట్టె ఒక్క నంబరునే గుర్తిస్తుంది. మరెవరు పిలిచినా పలకదు. సిమ్‌కు రీఛార్జి వేయించేది యాదమ్మే. వేయించకపోతే అది మూగబోతుంది. ఎవరి అవసరం ఎవరికి ఎక్కువో ఆమె ఎన్నడూ తూచలేదు.

వానాకాలం చివర గట్టు మీంచి జారి కాలు విరిగినప్పుడు నాగర్‌కర్నూల్ దవాఖానలో పద్దెనిమిది రోజులు పడుకుంది. తొందరలో ఫోను పక్కింట్లో ఛార్జింగులోనే ఉండిపోయింది. తిరిగి వచ్చి చూస్తే నలభై ఒక్క మిస్డ్ కాల్స్. నలభై ఒకటీ మోటరువే. ఆ జాబితాను పై నుంచి కిందికి రెండుసార్లు చూసింది. ఇన్నిసార్లు తనను వెతికింది ఒకటుందని, వెతికింది అదొక్కటేనని ఒకేసారి తెలిసింది.

ఆ కాలితో సేద్యం కుదరక, యాసంగి పంటకు పొలాన్ని అదే ఊరి రైతు సుదర్శన్‌కు కౌలుకిచ్చింది. భూమి ఇవ్వడానికి ఒక పూట ఆలోచించింది. నంబరు మార్పించడానికి మాత్రం రెండు నెలలైనా మనసు రాలేదు. ఇవాళ రేపు అంటూ, ఫోను వచ్చినప్పుడల్లా ఒకటి తానే నొక్కుతూ వచ్చింది. పోయిన వారం రెండుసార్లు నొప్పి మాత్ర వేసుకుని నిద్రపోయి ఫోను ఎత్తలేదు. రెండు తడులు తప్పాయి.

ఇవాళ పొద్దున్నే సుదర్శన్ ఆమెను పొలానికి పిలిపించాడు. మెకానిక్ ఖాజా మియా అప్పటికే పెట్టె మూత తీసి నిలబడి ఉన్నాడు.

"చిన్నమ్మా, పల్లిచేను సూడు. ఊడలు దిగే టైంల ఆకు ముడుసుకుంటుంది," అన్నాడు సుదర్శన్.

"నిద్ర వట్టింది బిడ్డా. ఇగ గట్ల కాదు."

"పోయినసారి గదే అన్నవ్. ఊరందరి చేన్లు కరెంటు కోసం సూస్తయి, నా చేను నీ నిద్ర కోసం సూస్తుంది!"

యాదమ్మ మెకానిక్ వైపు తిరిగింది. "రెండు నంబర్లు పెట్టరాదా ఖాజా భాయ్? నాదీ ఉంటది, ఆయనదీ ఉంటది."

"పాత మాడల్ అక్కా. ఒక్కళ్లతోనే మాట్లాడ్తది. నువ్వు ఒప్పుకుంటెనే నిన్ను ఇడుస్తది. నిఖా కన్న గట్టిగున్నది దీని కథ!" అని నవ్వాడు.

ఆమె చేతికర్ర ఆనుకుని వంగి ఒక ఆకును వేళ్ల మధ్య పట్టుకుంది. అది కాగితంలా ఉంది. తనకు ఒక పిలుపు రావడం కోసం ఇంకొకరి చేను దాహంతో ఉండవలసి వచ్చింది. సిగ్గు వేసింది. ఫోను తీసి ఖాజా మియాకు ఇచ్చింది.

అతడు ఏదో మెసేజి పంపి ఫోను తిరిగి ఇచ్చాడు. వెంటనే మోగింది.

"మీ నంబరు తొలగించుటకు ఒకటి నొక్కండి. కొనసాగించుటకు రెండు నొక్కండి."

అదే గొంతు. ఈ మాటలోనూ తొందర లేదు, విసుగు లేదు. ఎవరితో మాట్లాడుతున్నదో దానికి ఏనాడూ తెలియదని యాదమ్మకు ఇప్పుడు అర్థమైంది. అయినా నాలుగేళ్లు ఆ పిలుపును ఎత్తింది తనే. ఆ ఎత్తడం నిజమే. ఆమె ఒకటి నొక్కింది.

ఖాజా మియా కొత్త నంబరు ఎక్కించాడు. సుదర్శన్ ఫోను మోగింది. రెండు మాటలు విని, పనిచేస్తోందన్న సంతోషంలో కట్ చేసి జేబులో వేసుకున్నాడు.

"సగంల పెట్టేయకు బిడ్డా," అంది యాదమ్మ. "పురాగ ఇనాలె. ఇనకుంటె మల్ల చేస్తది."

"మిషన్ గద చిన్నమ్మా, అలుగుతదా ఏంది?"

ఆమె గట్టు వెంట బయలుదేరింది. పది అడుగులు వేసిందో లేదో వెనక ఫోను మోగింది. ఆగింది. తిరిగి చూడలేదు. మోగుతూనే ఉంది. తర్వాత మోగడం ఆగింది. సుదర్శన్ మాట వినిపించలేదు, వింటున్నట్టున్నాడు. కాసేపటికి మోటరు అందుకుంది. కాలువలో నీళ్లు పడుతున్న చప్పుడు విన్నాక యాదమ్మ నొప్పి కాలు ముందుకు వేసింది.