ఆకుపచ్చ మంట

కిటికీ రెక్కలు బార్లా తెరిచినా వాసన పోలేదు. ముక్కలాయన ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, బొమ్మలు చెక్కే లేజర్ మిషన్ మూత ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయాడు.

నిన్నటిదాకా తళతళలాడిన ఇనుప కడ్డీల నిండా ఎర్రటి తుప్పు, ఒంటిమీద తట్టు పోసినట్టు. కాంతిని కిందికి దింపే చిన్న అద్దం పొర కమ్మి తెల్లబడింది. అద్దం బిగించిన చట్రాన్ని వేలితో తోస్తే కిర్రుమంది తప్ప కదల్లేదు.

లోపల బల్ల మీద గోధుమరంగు ముక్క ఒకటి ఉంది, రెండు అరచేతులు పరిచినంత. దానిమీద చెప్పుల కొట్టు బొమ్మ. రేకుల చూరు, కొక్కేలకు వేలాడే జోళ్ళు, కుట్టు మీదికి వంగిన ముసలి వీపు. ఆ వీపు సగంలో ఆగిపోయింది. నిన్న సాయంత్రం సరిగ్గా అక్కడికి రాగానే పొగ గుప్పుమని గదంతా కమ్మితే, మిషన్ ఆపేసి బయటికి పరుగెత్తాడు.

ఆ వీపు చెప్పుల పెద్దాయనది. ఈ సాయంత్రం బస్సుకు ఆయన కొట్టు మూసేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. మళ్ళీ రాడు. ఆయన చేతిలో పెట్టి పంపాలనే ఈ బొమ్మ.

ముక్కలాయన వంటింట్లోకి వెళ్ళి, రాగి తీగ కొసను గ్యాస్ మంటలో ఎర్రగా కాల్చాడు. ముక్క అంచుకు ఆనించి మళ్ళీ మంటలో పెట్టాడు. నీలం మంట అంచున ఆకుపచ్చ లేచింది.

రెక్సిన్. తోలు కాదు.

"ఏమిట్రా ఆ కంపు?" పెరట్లో బట్టలు ఆరేస్తున్న తల్లి కేకేసింది.

"ఏం లేదమ్మా," అని చొక్కా గుండీలు పెట్టుకుంటూనే వీధిలోకి దిగాడు.

అతనిది ఫోటో ఫ్రేముల కొట్లో అద్దాలు, పుల్లలు కోసే పని. పెళ్ళి ఊసు ఎత్తినవాళ్ళందరూ ఎత్తి ఎత్తి అలిసిపోయారు. సొంతానికంటూ మిగిలింది వెనకగదిలోని ఆ మిషన్ ఒక్కటే. దానికోసం బజారంతా తిరిగి ముక్కలు ఏరేవాడు. కుర్చీల కార్ఖానాలో ప్లైవుడ్ చెక్కలు, బోర్డుల వాళ్ళ దగ్గర అక్రిలిక్ తునకలు, టైల్స్ గోడౌన్లో అంచు విరిగిన పలకలు. కొట్టు ముందు అతను కనబడగానే చీపురు పట్టుకున్నవాళ్ళు ఆగేవాళ్ళు. "ఆగండి, ముక్కలాయన వచ్చాడు," అనేవాళ్ళు. అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడు అతనే వెనక్కి తిరిగి చూడడు.

ప్లాస్టిక్ జాతిది ఏది దొరికినా తీగతో కాల్చి చూశాకే ఇంట్లోకి రానిచ్చేవాడు. ఆకుపచ్చ మంట వచ్చిందంటే దాని పొగ ఇనుమును తినేస్తుంది, ఊపిరితిత్తులనూ వదలదు. ఒక్క పెద్దాయన ఇచ్చే తోలు పొట్లాన్ని మాత్రం ఎన్నడూ పరీక్షించలేదు. నిన్న ఆ పొట్లం విప్పితే, బొటనవేలంత తునకల మధ్య ఈ పెద్ద ముక్క కనబడింది. నా అవసరం ఎలా కనిపెట్టాడో అని మురిసిపోయి, నేరుగా మిషన్లో పెట్టాడు.

చెప్పుల కొట్టు దగ్గర ఒకావిడ ఒంటికాలి మీద నిలబడి, తెగిన చెప్పు పని కోసం ఎదురుచూస్తోంది. పెద్దాయన మోకాళ్ళ మీద తోలు పరుచుకుని పట్టీ కుడుతున్నాడు.

ముక్కలాయన ముక్కను ఆయన ఒళ్ళోకి విసిరాడు. "ఇదేంటో చెప్పు."

పెద్దాయన కళ్ళజోడు పైకి నెట్టి, అంచును వేళ్ళ మధ్య నలిపాడు. "రెక్సిన్. తోలు మాత్రం కాదు."

"నీ పొట్లంలోదే."

"నా కొట్లోకి రెక్సిన్ అడుగు పెట్టదురా. నీకు తెలీదా?"

"మరి నడిచొచ్చి పొట్లంలో దూరిందా? నా మిషన్ పోయింది. తోలు తోలంటూ ఇన్నాళ్ళూ ఎంతమందికి ఇదే అంటగట్టావో."

గొంతు తను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. ఎదురు కొట్టు మెట్ల మీద ఇద్దరు తలలు తిప్పారు. ఒంటికాలి ఆవిడ రెండో కాలు కింద పెట్టింది.

"ఇదీ అదేనేంటి? పోయినేడు మీ దగ్గర కొన్నదేగా," అని సగం కుట్టిన చెప్పును ఆయన చేతిలోంచి లాక్కుంది. కుట్టూడిన పట్టీ ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

పెద్దాయన ఆమె వెళ్ళిన వైపే కాసేపు చూశాడు. "నీ తీగ ఉందిగా. తెచ్చి కొట్టంతా కాల్చి చూసుకో."

"నాకు పనుంది," అని ముక్కను లాక్కుని వచ్చేశాడు ముక్కలాయన.

ఫ్రేముల కొట్లో పనికి కూర్చున్నాడు. గీసిన గీత మీద కాకుండా పక్కన విరిగింది మొదటి అద్దం. రెండోది చేతిలోనే పగిలింది.

"ఏవయ్యా, అద్దాల మీద పగబట్టావా?" అన్నాడు ఫ్రేముల ఓనరు. "పొద్దున పెద్దాయన మీద, ఇప్పుడు నా సరుకు మీద. తర్వాత ఎవరి వంతో చెబితే దాక్కుంటాం."

కిటికీలోంచి చెప్పుల కొట్టు కనబడుతూనే ఉంది. పెద్దాయన కొక్కేల మీది జోళ్ళు ఒక్కొక్కటే దించుతున్నాడు. దించినప్పుడల్లా ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాడు. సొంత సరుకును ఆ మనిషి అలా అనుమానంగా చూసుకోవడం ముక్కలాయన ఎప్పుడూ చూడలేదు. కూర్చోబుద్ధి కాలేదు. భోజనానికి అని చెప్పి ఇంటికి వచ్చేశాడు.

అతను కంచం ముందు కూర్చోకముందే తల్లి అడిగింది. "బొమ్మ ఎలా వచ్చిందిరా? ముక్క సరిపోయిందా?"

"ఏ ముక్క?"

"అదే, పెద్ద ముక్క లేదు పెద్ద ముక్క లేదని మొన్న తెగ సణిగావుగా. పెద్దాయన పొట్లంలో పెట్టా. చెబితే వద్దంటావని చెప్పలేదు."

అటక కింది పెట్టెలోంచి ఆవిడ సంచీ తీసింది. కరెంటు మీటర్లు చూసే తండ్రి, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ భుజాన తగిలించుకున్న సంచీ. అసలైన తోలని చెప్పుకుని, ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇప్పుడు దాని ముందువైపు లేదు. కత్తెరతో నీటుగా కోసిన అంచు మాత్రం ఉంది.

ముక్కలాయన స్టవ్ వెలిగించాడు. తీగను సంచీ అంచుకు ఆనించి మంటలో పెట్టాడు. తల్లి భుజం మీదుగా ఆ ఆకుపచ్చను చూసింది.

"అంటే?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. తోలే అంటే తల్లికి సంచీ మిగులుతుంది, పెద్దాయనకు మచ్చ మిగులుతుంది. స్టవ్ ఆపేశాడు.

"తోలు కాదమ్మా. నాన్నకి ఎవరో అంటగట్టారు. నేను పోయి పెద్దాయన్ని నలుగురిలో నానా మాటలూ అన్నాను."

ఆవిడ సంచీని తొడ మీద పెట్టుకుని, పెచ్చులూడిన చోట నిమిరింది.

"వానలో తడిసిన మొదటేడే పొరలు లేచాయి. నాకు తెలియకేం? ఆయన మురిపెం చూసి చెప్పబుద్ధి కాలేదు. ఆయన పోయాక ఎలాగూ అది తోలే అయిపోయింది." ఆవిడ లేచి చెప్పులు వెతుక్కుంది. "పద."

"నువ్వెందుకు? నేను పరుగున వెళ్ళొస్తా."

"పెట్టింది నేను. నువ్వు చెబితే నన్ను వెనకేసుకొస్తావు."

ఆవిడ మోకాళ్ళకు వీధి పొడవెక్కువ. మలుపు మలుపుకీ గోడ పట్టుకుని ఆగుతోంది. అతను నాలుగడుగులు ముందుకేసి, మళ్ళీ వెనక్కి వచ్చి చెయ్యి పట్టుకుంటున్నాడు. పొద్దు ఇంకా ఉంది, బస్సుకు సమయముంది అని తనకు తాను చెప్పుకుంటూనే ఉన్నాడు.

చెప్పుల కొట్టు షట్టరు దించి ఉంది. కొక్కేలు ఖాళీగా ఊగుతున్నాయి.

ఫ్రేముల ఓనరు మెట్లు దిగి వచ్చాడు. "ముందు బస్సుకే వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా ఎవరి మొహం చూస్తూ కూర్చోవాలన్నాడు. ఇది నీకిమ్మన్నాడు." చంకలోని తోలు చుట్టను అందించాడు. "కాల్చి చూసుకోమన్నాడు."

పొద్దున తలలు తిప్పిన ఇద్దరూ మెట్ల మీదే ఉన్నారు. పక్క కొట్లవాళ్ళూ బయటికి వచ్చారు.

"ఆయన తప్పేం లేదు బాబూ," అంది తల్లి ఆయాసపడుతూనే, అందరికీ వినబడేలా. "ఆ రెక్సిన్ మా ఆయన సంచీది. పొట్లంలో పెట్టింది నేను."

"అయితే ఇదంతా మీ పనా, పిన్నిగారూ?"

"కాదు." ముక్కలాయన తల్లికి అడ్డంగా నిలబడ్డాడు. "ఆవిడ ఇచ్చింది ప్రేమతో. ఊరందరి ముక్కలూ కాల్చి చూసేవాణ్ణి, దీన్ని చూడకుండా మిషన్లో పెట్టింది నేను. ఆ మనిషిని, చెప్పేది వినకుండా, మోసగాణ్ణి చేసింది నేను. తప్పు నాది."

అతను చుట్ట విప్పాడు.

పెద్దాయన మోకాళ్ళ మీద ఏళ్ళ తరబడి పరుచుకున్న తోలు అది. మధ్యలో కూర్చున్న ఆకారానికి వంగి, కత్తిగాట్లతో నున్నబడి ఉంది. తీగతో కాల్చి చూసుకోవడానికని ఒక మూల చిన్న తునక కోసి, పోకుండా దారంతో దానికే కట్టి ఉంది.