ఎడమచేతి అతుకు

భార్య అంజనమ్మ కంటికి ఆపరేషన్ చేయించి తీసుకొస్తూ, ఆదోని బస్టాండులో ఉరుకుందు కాలు జారి పడ్డాడు. ఆమె కంటికి పచ్చగుడ్డ, అతని కుడిచేతికి సిమెంటుకట్టు. అట్లా ఇద్దరూ ఎమ్మిగనూరులో బస్సు దిగారు.

మగ్గం మీద నిలువు పోగుల పాత పడుగు అప్పటికే అయిపోవచ్చింది. కొత్త పడుగు పోగుల్ని పాత కొసలకు ఒక్కొక్కటే అతకాలి. వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు పోగుల్నీ చూపుడువేలి మీద పెట్టి బొటనవేలితో ముందుకు నెడితే మెలిపడి ఒకటైపోతాయి. ముడి వేయకూడదు, దువ్వెనలాంటి పన్నె పళ్లలో దూరదు. ఎప్పుడూ తోడుగా అతికే అంజనమ్మకు ఇప్పుడు పోగు కనపడదు. అతుకు కుదరకపోతే పడుగంతా మొదటినుంచి పన్నెలోకి ఎక్కించుకోవాలి. ఒంటిచేతి మనిషికి అయ్యే పని కాదది.

“ఈ పడుగు ఎక్కకపోతే మగ్గం ఇప్పేస్తా,” అన్నాడు ఉరుకుందు. అనేశాక తనకే భయమేసింది. అన్నమాట వెనక్కి తీసుకోవడం అతనికి చేతకాదు.

ఎడమచేత్తో మొదలుపెట్టాడు. ఒక వరస అతికి మెల్లగా లాగితే అన్నీ జారి విడిపోయాయి. పక్కింటి మద్దయ్య గడపలో నిలబడి, “ఏమి ఉరుకుందన్నా, పడుగు నీమీద అలిగినట్లుందే,” అని నవ్వి పోయాడు.

అదే బూడిద. అదే నూలు. నెట్టడమూ ఎప్పటిలాగే. మరెందుకు విడిపోతున్నట్టు? ఉరుకుందుకు కోపం కంటే వింత ఎక్కువైంది.

కూతురు సంధ్య హైదరాబాదులో మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. అమ్మ కంట్లో చుక్కలు వేయడానికి సెలవు పెట్టి వచ్చింది. విడిపోయిన అతుకొకటి, గట్టిగా ఉన్న పాత అతుకొకటి తీసి, ఫోనులో పెద్దవి చేసి చూపించింది.

“ఈడ సూడు నాయనా. పాతది కుడికి వాలింది, నీ ఎడమచేతిది ఎడమకు వాలింది. నూలు మెలికి ఎదురు తిప్పినావు. అందుకే వదులైపోతాంది.”

“రెండు సేతులతోనూ ముందుకే కదమ్మా నెట్టింది?”

“అద్దంలో సూసుకుంటే నీ కుడిసెయ్యి ఎడమసెయ్యి కాదా? అట్ల. మా మందు అణువులకు గూడా కుడి, ఎడమ ఉంటాయి. కుడిదే రోగానికి పనికొస్తాది. హైడ్రోజన్‌ను కలిపేటప్పుడు రెండు పక్కలా అతుక్కుంటే సగం అది, సగం ఇది. సగం దండగ.”

“అతికేదెవురు?”

“రుథేనియమని ఒక లోహం.”

“దానికి కుడి ఎడమ తెలుసునా?”

“తెలీదు. ఏ పక్కైనా దానికొకటే. అందుకే దానికి ఇంకో అణువును కడతాం. అది ఒక పక్క అడ్డం నిలబడతాది. ఇంగ హైడ్రోజన్‌కు ఒకటే దోవ.”

అయితే వెనక్కి లాగితే సరి. ఉరుకుందు పోగులు పట్టాడు. బొటనవేలు అలవాటుకొద్దీ ముందుకే ఉరికింది. మళ్లీ పట్టాడు. మళ్లీ అంతే.

“నా లోహం మాట ఇనదు మ్మే.”

“అయితే కడదాం రా.”

చూపుడువేలి కొసన చిన్న జొన్నదంటు ముక్క పెట్టి గుడ్డపీలికతో బిగించింది సంధ్య. ముందుకు పోతే బొటనవేలికి దంటు తగులుతుంది. వెనక్కి తప్ప దోవ లేదు. ఒక పోగు అతికి లాగాడు. నిలబడింది.

సాయంత్రందాకా అతుకుతూనే అడిగాడు. “ఆ లోహం అరిగిపోదా?”

“ఒకటి ముగించి ఇంకోదాన్ని పడతాది. శానా పని సేస్తాది.”

“మరి దానికి కట్టేదుందే, దానికి కుడి ఎడమ ఎవురు నేర్పినారు?”

“ఒక రకాన్ని చింతపండు పులుపు లాంటిదాంతో మొదలుపెట్టి సేసినారు. ఆ పులుపు పుట్టడమే ఒక పక్కకు పుడతాది.”

“చింతపండుకు ఎవురు నేర్పినారు?”

“అది ఎవురికీ సరిగ్గా తెలీదు నాయనా.”

మంచం మీదనుంచి అంజనమ్మ, “ఉన్న చింతపండు లోహాలకు కట్టేత్తురేమో, పులుసులోకి రవ్వంత ఉండనీయండి!” అంది.

అతకడం ముగిశాక ఉరుకుందు మెల్లగా పడుగు లాగాడు. అతుకులు వరసగా పన్నె పళ్లలోంచి ఇవతలికి వచ్చాయి. అక్కడక్కడ కొన్ని తెగాయి.

“మాకూ నూటికి నూరు రావులే,” అంది సంధ్య.

తెగినవి మళ్లీ అతికి, అడ్డంగా పరిగెత్తే నాడెలో నూలు చుట్టిన కండె పెట్టి, ఎడమచేత్తోనే మొదటి అడ్డపోగు విసిరాడు ఉరుకుందు. రాత్రి పులుసన్నంలో దొరికిన చింతపిక్కను పారేయకుండా పక్కన పెట్టుకుని, దీపం కిందికి జరిపి, అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.