రాకాసి నుదుటి బొట్టు

జయంత్ చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు కడుక్కోడానికి నీళ్ళెక్కడని అడిగాడు. మా తమ్ముడి వస్తువులు చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఆ మాట అడిగింది ఇతనొక్కడే. తువ్వాలు ఇచ్చాను. తుడుచుకున్నాక కూడా చేతులు పూర్తిగా ఆరేదాకా ఆగాడు.

"అన్న దగ్గర ఈ రాకాసి బొమ్మ ఉందని మా గ్రూపులో అందరికీ తెల్సక్కా. ఫొటో పెట్టన్నా, పెట్టన్నా అని బతిమాలేవోళ్ళం. ఏనాడూ పెట్టలేదు."

మధురవాడలో ఏదో సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని అతనికి. సినిమా బొమ్మలు కూడబెట్టేవాళ్ళ గుంపులో తమ్ముడికి పరిచయం.

మా తమ్ముడు అప్పలరాజు పోర్టులో క్రేన్ నడిపేవాడు. పెళ్ళి చేసుకోలేదు. వాడు మా ఇంటి మేడ మీద గదిలో, అమ్మ కింద నా దగ్గర ఉండేవారు. మొన్న వేసవిలో డ్యూటీకి బయల్దేరుతూ, బూటు లేసు కట్టుకుంటూనే పక్కకి ఒరిగిపోయాడు. గుండె అన్నారు. నేను ఏడవలేదు. ఏడవలేదని చుట్టాలు గమనించారు. వాళ్ళు గమనించారని నేను గమనించాను. అంతే.

అద్దాల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాను. మల్కాపురంలో మా వీధిలో ఏ కిటికీ మీద వేలు పెట్టినా ఎర్రగా అంటుకుంటుంది, పోర్టు నుంచి వచ్చే ఇనపరాయి దుమ్ము. ఆ పెట్టెలోకి మాత్రం వాడు దాన్ని చేరనిచ్చేవాడు కాదు. లోపల రాకాసి. జపాను వాళ్ళ సినిమాలో సముద్రంలోంచి లేచి ఊళ్ళు తొక్కేస్తుందట. ఈ బొమ్మ నా మోచేతి నుంచి వేళ్ళ కొసల దాకా ఎత్తుంటుంది. ఒళ్ళంతా చేప పొలుసులు, పీత డెక్కల్లాంటి చేతులు. నుదుటి మీద ఎర్రటి బొట్టు.

మా ఇళ్ళల్లో దసరాకి పనిముట్టన్న ప్రతిదానికీ బొట్టు పెడతారు. స్పానర్లు, బండి, మిక్సీ, కుట్టుమిషను, ఆఖరికి గ్యాసు పొయ్యి. కిందటి దసరాకి వాడు డ్యూటీలో ఉండగా అమ్మ మేడ మీద డ్రిల్లు మిషనుకి పెట్టి, అదే చేత్తో అద్దాల పెట్టె తెరిచి దీనికీ పెట్టేసింది. తడి పసుపు, దాని మీద కుంకుమ.

సాయంత్రం వాడు వచ్చి చూశాడు.

"ఏటే అమ్మా ఇది! ఇదేమన్నా పనిముట్టేటి, బొట్టెట్టడానికి?"

"రోజూ తుడుస్తావు, కళ్ళకద్దుకున్నంత పని సేత్తావు. నాకేటి తెల్సు నాయినా?"

వాడు కొన్నాళ్ళు కిందికి తిండికి రాలేదు. తర్వాత మామూలుగానే వచ్చాడు, మామూలుగానే అమ్మని ఏడిపించాడు. ఆ బొట్టు సంగతి మాత్రం మళ్ళీ ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టే కోపం మనసులో పెట్టుకున్నాడని అమ్మ నమ్మకం. పదకొండో రోజు పిండాల దగ్గర కాకి ఎంతకీ వాలకపోతే, "నా మీద కోపంతోనే పోయేడు" అంది. అప్పట్నుంచీ అదే మాట. ఈ మధ్య ఇంకోటి మొదలుపెట్టింది. "దసరా లోపల దాన్ని ఇంట్లోంచి తీసీవే అనూరాధా. అది నన్నే సూత్తంది."

అందుకే జయంత్‌కి ఫోన్ చేశాను. బొమ్మ ఎలా ఉందో చూసి, కొనుక్కునే మనిషిని తనే వెతుకుతానన్నాడు.

బల్ల మీద తెల్ల కాయితం పరిచి బొమ్మని దాని మీద నిలబెట్టాడు. కంటికి ఆనించుకునే చిన్న భూతద్దం, టార్చిలైటు, మెత్తటి కుంచె తీశాడు. భుజాలు, మోకాళ్ళు, తోక ఒక్కొక్క కీలూ మెల్లగా తిప్పి వదులయ్యాయేమో చూశాడు. పళ్ళ కొసల మీదకి లైటు వేశాడు. అరికాలి కింద కంపెనీ ముద్ర చూశాడు. బొమ్మతో పాటు వచ్చిన అట్టపెట్టె అంచులు వేలితో తడిమాడు.

"ఎక్కడా గీత లేదు. అన్న మనిషి కాదండి బాబూ! అట్టపెట్టి మూల కూడా నలగలేదు." తర్వాత లైటు పైకి జరిపాడు. "ఇదేటక్కా? ఇనపరాయి దుమ్మా?"

"బొట్టు."

"రాకాసికి బొట్టేటక్కా!" పెద్దగా నవ్వాడు. అమ్మ వంటింటి గుమ్మంలో తోటకూర కట్ట పట్టుకుని నిలబడి ఉంది. అతను నవ్వు మింగేశాడు.

"నాను పెట్టేను బాబూ. పాడైపోయిందా?"

"పాడంటే... ఇలాంటి మచ్చుంటే ఫస్టు రకం అన్లేరు మామ్మగారూ."

"నాకు తెల్సు. ఆడికీ తెల్సు. అందికే ఎవులికీ సూపించలేదు." అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. కాడలు విరుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

జయంత్ ఏదో ద్రవంలో దూది ముంచి, నుదుటి మీద ఒక అంచున అద్దాడు. దూది తెల్లగానే ఉంది. ఇంకొంచెం నొక్కాడు. తెల్లగానే ఉంది. భూతద్దం పెట్టి చాలాసేపు చూసి నా చేతికిచ్చాడు.

కుంకుమ రేణువులు గాజు కింద ఉన్నట్టు విడివిడిగా కనిపించాయి. వాటి మీద పల్చని మెరుపు, బొట్టుకన్నా వెంట్రుకవాసి పెద్దదిగా, గుండ్రంగా.

"పైన వార్నీషక్కా."

"కంపెనీ వాళ్ళదేమో?"

"కంపెనీది బొట్టు కిందుంటది. ఇది పైనుంది."

"పొరపాటున ఒలికిందేమో?"

"ఒలికితే ఇంత గుండ్రంగా రాదు. చుట్టూ టేపేసి స్ప్రే కొట్టేడు."

వాడి అలమరలో అలాంటి వార్నీషు డబ్బా ఒకటి ఉండేది. దాన్ని పాతసామాన్లవాడికి నేనే వేశాను.

"ఎందుకు కొట్టుంటాడు?"

జయంత్ గొంతు తగ్గించాడు. "బొట్టు పోకూడదనుకుంటే ఇలా చేస్తారక్కా. లేదంటే, తుడిస్తే పసుపు ఇంకా పాకుద్ది, వదిలేస్తే కుంకుమ రాలి మిగతా పెయింటుకి అంటుద్ది అని కూడా చేస్తారు. నేనైతే అందుకే చేద్దును. అన్న ఎందుకు చేసేడో దీన్ని చూసి చెప్పలేం."

"ఏటంటన్నాడే?" అమ్మ లోపల్నుంచి అడిగింది.

నాకు సగం మాట చెప్పే అలవాటు లేదు. ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది కూడా ఒక్క ముక్క మిగల్చకుండా అమ్మకి చెప్పింది నేనే.

"బొట్టు చెరిగిపోకుండా రాజు దాని మీద వార్నీషు వేసుకున్నాడంటమ్మా."

జయంత్ నా వైపు చూశాడు. తర్వాత దూది ముక్కలు ఏరి జేబులో వేసుకున్నాడు.

అమ్మ చెంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చూపుడు వేలితో రాకాసి నుదుటి మీద రుద్ది, వేలు వెలుతురుకి పెట్టి చూసుకుంది. మళ్ళీ రుద్దింది.

"అంటలేదు," అంది.

"అంటదు మామ్మగారూ," అన్నాడు జయంత్.

"ఎప్పుడేసేడు?"

"తెలీదమ్మా," అన్నాను.

"సెప్పొచ్చు కదా, ఎదవ." వంటింటి వైపు నడిచింది.

జయంత్ తన సామాను సర్దుకున్నాడు. "మరి, కొనేవాళ్ళకి ఏం చెప్పమంటారక్కా?"

లోపల్నుంచి అమ్మ గొంతు వచ్చింది. "ఆ గాజుపెట్టి మూసీవే. దుమ్ము పడతాది. ఆ అబ్బాయికి టీ ఎట్టేను, తాగి ఎల్లమను."

రాకాసిని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టాను. నాకేమైనా అనిపిస్తుందేమోనని కాసేపు చూశాను. ఏమీ అనిపించలేదు. అద్దం మూసి, గొళ్ళెం సరిగా పడిందో లేదో ఇంకోసారి లాగి చూశాను.