సముద్రం మీద రాయబారం

"కుక్కర్ పడవెక్కితే నేను దిగిపోతానని ఆవిడకి చెప్పమ్మా" అన్నాడు కొడుకు, పెళ్ళాం వైపు వీపు పెట్టి బూట్ల తాళ్ళు కట్టుకుంటూ.

"కుక్కర్ ఎక్కకపోతే నేనసలు గడపే దాటనని ఆయనకి చెప్పండత్తయ్యా" అంది కోడలు, అతనికి రెండడుగుల దూరంలో నిలబడి.

పెద్దావిడ ఇద్దరికీ చెప్పింది. ఇద్దరూ ఆ సంగతి అప్పుడే తెలిసినట్టు మొహాలు పెట్టారు.

గొడవ మొదలై రెండు వారాలైంది. చిన్న తెరచాప పడవలో అనవసరమైన బరువు ఉండకూడదని అతని వాదన. పడవ పక్కకి ఒరిగినప్పుడు మూత ఊడని గిన్నె ఇంట్లో అదొక్కటేనని ఆమె వాదన. నాలుగు రోజులకి వాదన అయిపోయింది, దాంతోపాటే మాటలూ అయిపోయాయి. అప్పటినుంచీ ఆ ఇంట్లో తాళంచెవి ఎక్కడుందన్న ప్రశ్న అయినా, జీతం ఎప్పుడొస్తుందన్న ప్రశ్న అయినా పెద్దావిడ మీదుగానే ప్రయాణం చేస్తోంది. ఆవిడకిది కొత్త కాదు. భర్త పోయి కొడుకు దగ్గరికి చేరినప్పటినుంచీ ఏడాదికి మూడు నాలుగుసార్లు ఈ ఉద్యోగం తగులుతూనే ఉంది. అన్నం తింటున్నా, స్నానాల గదిలో ఉన్నా సరే, మధ్యలో డ్యూటీ పడుతుంది.

అసలు ఈ ప్రయాణమే ఆవిడ కోసం. సముద్రానికి అవతల దీవిలో కూతురు కాపురం. అమ్మ ఇకనుంచి తమ దగ్గరే ఉండాలని కూతురు పట్టుబట్టింది. పంపేది లేదని కొడుకు భీష్మించాడు. అందరం ఒకచోట కూర్చుని తేల్చుకుందామనుకున్నారు. "నీ ఇష్టమమ్మా" అని అందరూ అన్నారు గానీ, ఆ ఇష్టమేమిటో వినే తీరిక ఎవరికీ దొరకలేదు. తను ఇకమీదట ఏ గదిలో పడుకోవాలో తేలబోతోందని తలుచుకుంటే మాత్రం ఆవిడకి కొన్నాళ్ళుగా ముద్ద దిగడం లేదు.

చివరికి కుక్కర్, పెద్దావిడ శాలువాలో మూటగా పడవెక్కింది. కొడుకు ఆ మూట అందుకుని లోపల పెట్టాడు. బరువేమిటని అడగలేదు.

పడవ అతను ఏళ్ళ తరబడి సెలవు రోజుల్లో బాగుచేసుకున్నది. కింద చిన్న గది, అటో బల్ల ఇటో బల్ల, మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. పైన చుక్కాని దగ్గర ఇద్దరు కూర్చునే చోటు. పొద్దు వాలుతుంటే రేవు దాటారు. ఒడ్డు సన్నగీతై మాయమయ్యాక కొడుకు రాత్రి సంగతులు వివరించాడు, తల్లికి.

"వంతులు వేసుకోవాలి. కాసేపు నేను నడుపుతా, కాసేపు తను. దూరంగా ఏదైనా ఓడకి ఎర్రదీపం ఒక్కటే కనిపిస్తే భయం లేదు. పచ్చదీపం ఒక్కటే కనిపించినా భయం లేదు. రెండూ కలిసి కనిపిస్తే మాత్రం అది మన మీదికే వస్తున్నట్టు. వెంటనే నన్ను లేపాలి. చెప్పు."

"చెవులున్నాయని చెప్పండత్తయ్యా."

"విందటరా" అంది పెద్దావిడ.

మొదటి వంతు మారేటప్పుడు ఆవిణ్ణి లేపారు. మెట్ల మీద నిలబడి, తల మాత్రం బయటపెట్టి, కళ్ళు సగం మూసుకునే పని చేసింది.

"దిక్సూచి ముల్లు కదలనివ్వద్దంటున్నాడు."

"గాలి పడిపోతే ఏం చెయ్యాలో?"

"గాలి పడిపోతే అంటోందిరా."

"పడిపోదని చెప్పు."

"పడిపోదటమ్మా." ఆవిడ వెళ్ళి పడుకుంది. ఎదురు బల్ల మీద కొడుకు ఒరిగీ ఒరగ్గానే గుర్రు పెట్టాడు. ఆవిడకి నిద్ర పట్టలేదు. చెక్క కిర్రుమంటోంది, తలకి జానెడు దూరంలో నీళ్ళు గలగలా పారుతున్నాయి. కూతురింట్లో గదికి కిటికీ ఉంటుందో ఉండదో అనుకుంటూ పడుకుంది.

"అత్తయ్యా!" పైనుంచి కోడలి గొంతు. "మీ అబ్బాయిని లేపండి. రెండు దీపాలూ కనిపిస్తున్నాయి."

అలవాటు కొద్దీ పెద్దావిడ దుప్పటి తీసింది. ఒక కాలు కిందపెట్టింది కూడా. అప్పుడు ఉన్నట్టుండి ఆవిడకి ఒళ్ళు మండింది. కోడలి మొగుడు పిలుపు దూరంలో పడున్నాడు. పడవ మీదికి ఓడ వస్తోంది. ఇప్పుడు కూడా తనేనా?

కాలు పైకి తీసుకుంది. దుప్పటి కప్పుకుంది. ఓడ గుద్దితే తనూ పోతుందని ఆవిడకి తెలుసు.

"అత్తయ్యా, దగ్గరకొస్తోంది!"

పెద్దావిడ సన్నగా గురక మొదలుపెట్టింది. పది అంకెలు లెక్కపెట్టి తనే లేపేద్దామనుకుంది. ఆరు దాకా వచ్చింది.

"ఏమండీ! లేవండీ! ఏమండోయ్!"

అతను లేచిన ఊపుకి నెత్తి ద్వారానికి తగిలింది. "ఎక్కడ?"

"ఎదురుగా! కళ్ళు నులుముకుని చూడండి!"

"ఇంతసేపూ ఏం చేస్తున్నావ్?"

"మీ అమ్మగారిని పిలుస్తున్నా."

"ఓడొస్తుంటే మా అమ్మెందుకే?"

"ఎందుకో తమరికి తెలీదా? ఆ పెత్తనం తర్వాత, ముందు తిప్పండి!"

"తాడు వదులు!"

"ఏ తాడు?"

"నీలంది! అది తెల్లది!"

"చీకట్లో అన్నీ నల్లవే!"

అవసరానికి పెట్టుకున్న చిన్న ఇంజను దగ్గింది, ఆగింది, మళ్ళీ దగ్గి అందుకుంది. తెరచాప టపటపా కొట్టుకుంది. పడవ కుడివైపుకి తిరిగింది. దీపాల్లో పచ్చది ఆరిపోయినట్టు కనిపించకుండా పోయి, ఎర్రది ఒక్కటే మిగిలింది. నాలుగంతస్తుల మేడ ఒకటి ఎవర్నీ పట్టించుకోకుండా పక్కనుంచి నడిచివెళ్ళింది. వెనకాలే వచ్చిన అలకి పడవ ఒక్కసారిగా ఒరిగి, మూటలోంచి కుక్కర్ దొర్లి మెట్లకి ఠంగున తగిలింది.

కోడలు పైనుంచి మెట్ల మీదికి వంగి చూసింది.

"మూత ఊడలేదు" అంది కోడలు.

"చూశాను" అన్నాడు అతను.

ఆ తర్వాత వాళ్ళు ఆగలేదు. రెండు వారాల బాకీ అంతా తీర్చుకున్నారు. ఎవరు ముందన్నారు, ఎవరు వెనకన్నారు, అన్నీ అయ్యాయి. కోడలు ఒకసారి ఏడ్చింది, అతను ఒకసారి నవ్వాడు. మళ్ళీ పడుకోవడానికి అతను కిందికి రానేలేదు. పెద్దావిడ గురక మానేసి వింది.

"అత్తయ్య అక్కడే ఉండిపోతే?" అంది కోడలు, చాలాసేపటికి.

"ఉంటే?"

"ఇంట్లో మనిద్దరమేగా."

"ఇప్పుడు మాట్లాడుకుంటున్నాంగా."

"ఓడొచ్చింది కాబట్టి. రోజూ ఓడ ఎక్కణ్ణుంచి తెస్తారు?"

తను ఊళ్ళో లేకపోతే వాళ్ళకి బెంగ అని పెద్దావిడ ఇన్నాళ్ళూ అనుకుంది. బెంగ మాట నిజమే. ఎందుకన్నది ఇవాళ తెలిసింది. ఆవిడకి కోపం రాలేదు. అటు తిరిగి హాయిగా నిద్రపోయింది.

తెల్లవారి దీవి రేవులో కూతురూ అల్లుడూ ఎదురొచ్చారు. ఇద్దరి మధ్యా ఇంకో ఇద్దరు నిలబడేంత ఖాళీ ఉంది.

"అమ్మా, బాగా చిక్కిపోయావ్" అంది కూతురు. వెంటనే గొంతు తగ్గించి, "తాడు కాస్త గట్టిగా కట్టమని మీ అల్లుడికి చెప్పు" అంది.

అల్లుడు తాడు పట్టుకునే ఉన్నాడు. "గట్టిగానే కట్టానని చెప్పండత్తయ్యగారూ."

పెద్దావిడ ఆ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. ఏమీ చెప్పకుండా కొడుకు చెయ్యి పట్టుకుని ఒడ్డెక్కింది.

కూతురింట్లో ఆవిడకోసం సిద్ధంచేసిన గదికి కిటికీ ఉంది. మంచం సరిగ్గా కూతురి పడగ్గదికీ అల్లుడి పడగ్గదికీ మధ్యన పడేలా వేసి ఉంది. ఆవిడ మంచం మీద కాసేపు కూర్చుని లేచి వచ్చింది. అందరూ టీ కప్పులు పట్టుకుని బల్ల చుట్టూ చేరారు. కొడుకు గొంతు సవరించుకున్నాడు. కూతురు తన కుర్చీ ముందుకి జరుపుకుంది.

"నేను పడవలో ఉంటాను" అంది పెద్దావిడ.

ఎవరికీ అర్థంకాలేదు.

"ఇక్కడే, రేవులో. ఎండలున్నన్నాళ్ళూ. చలి మొదలయ్యాక ఏం చెయ్యాలో అప్పుడు చూద్దాం" అంది, చక్కెర ఇంకాస్త కలుపుకుంటూ. "మీరిద్దరూ ఫెర్రీలో వెళ్ళండిరా. అమ్మాయీ, నువ్వూ అల్లుడూ సాయంత్రాలు వస్తూ ఉండండి. కలిసే రండి."

"ఒక్కదానివే ఎలాగమ్మా?" అన్నారు కొడుకూ కూతురూ ఒకేసారి.

"బల్ల బాగానే ఉంది. నిద్ర పట్టింది" అంది పెద్దావిడ. "నా పెట్టె ఇంకా పడవలోనే ఉందిగా. పైకి మోసుకురాకండి."