తువ్వాలు కింద బేరం

టెక్కలి అవతల హైవే పక్కనున్న మాంసం ఫ్యాక్టరీ మూసేశారు. ఎందుకు మూసేశారో గేటు దగ్గర వాచ్‌మన్‌కే తెలీదు. బయటి దేశాల ఆర్డర్లు ఆగిపోయాయని ఒకడు, యజమానులు కొట్టుకున్నారని ఇంకొకడు. మా ఉద్దానంలో వట్టిపోయిన గేదెకీ, ముసలి దున్నకీ ఆ ఫ్యాక్టరీ ఒక్కటే దిక్కు. మూసేస్తున్నామని మాతో ఒక్క ముక్క చెప్పాలని ఎవడికీ తోచలేదు. మేం పెంచాలి, మేం మేపాలి, వాళ్లు గేటుకి తాళం వేసుకుపోవాలి.

బొడ్డమ్మకి రెండు గేదెలు. ఒకటి పాలిస్తోంది, ఒకటి వట్టిపోయింది. గడ్డికుప్ప అడుగంటింది. వట్టిగేదెని అమ్మకపోతే పాలగేదెకి మేత చాలదు. మొగుడు పోయాక ఆమె బతుకంతా ఆ పాల మీదే.

వట్టిగేదెని సంతకి తోలుకెళ్లింది. మా సంతలో గొడ్ల ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద చెయ్యీ చెయ్యీ పట్టుకుని వేళ్లతో నొక్కుతారు. పక్కవాడికి తెలీకూడదట. ఈ ఆచారం పెట్టినోడు, ఫ్యాక్టరీకి గొడ్లు కొనిపెట్టే బేరగాడి బాగుకే పెట్టాడు.

ముందు ఆమె ఎదురింటి ఢిల్లీరావు తన దున్నని బేరగాడు బాబూరావుకి అమ్మేశాడు. తువ్వాలు కిందనుంచి చెయ్యి తీసి నవ్వుకుంటూ వచ్చాడు.

"ఎంతకిచ్చినావు బావా?" బొడ్డమ్మ అడిగింది.

"బేరం బయటికి సెప్తారేటి?"

"నా సెవిలో సెప్పు."

"నీ సెవికీ ఊరి సెవికీ ఎంత దూరమేటి?"

బొడ్డమ్మ వంతు వచ్చింది. బాబూరావు వేళ్లు నొక్కగానే ఆమెకి ఒళ్లు మండింది.

"నిరుడు దూడకే ఇంతకన్నా ఎక్కువిచ్చినావు!"

"ఫ్యాక్టరీ మూసేసినారు పిన్నీ. నానేటి సేత్తాను?"

"ఆళ్లు మూసేసినారో, నువ్వే మూయించినావో! మరి మా బావెందుకు నవ్వుతున్నాడు?"

"ఆయన్నే అడుగు."

ఢిల్లీరావు చూపు తిప్పుకున్నాడు. చాలు, బొడ్డమ్మకి అర్థమైపోయింది. ఇద్దరూ ఒకటే. ఒంటరిదాన్ని ముంచేద్దామనుకున్నారు. గేదెని ఇంటికి తోలుకొచ్చేసింది.

మరుసటి సంతకి బాబూరావు రాలేదు. ఏ బేరగాడూ రాలేదు. ఊళ్లో మాత్రం ఢిల్లీరావుకి మంచి ధర వచ్చిందని మాట పాకింది. ఎవణ్ణి చూసినా పక్కవాడికి ఎక్కువ దొరికిందన్న అనుమానమే. ఫ్యాక్టరీవాణ్ణి నిలదీసినోడు లేడు గానీ, పక్కింటోణ్ణి కళ్లతో తినేశారు.

పాలగేదె పాలు సగానికి పడిపోయిన పొద్దున బొడ్డమ్మ తిన్నగా ఢిల్లీరావు పెరట్లోకి వెళ్లింది. ఆయన పెళ్లాం చిన్నమ్మి పేడ ఎత్తుతోంది.

"నిజం సెప్పు చిన్నమ్మీ. బాబూరావు మీకెంతిచ్చినాడు?"

"ఏటిచ్చినాడు? దున్నని సంతకి ఎక్కించుకెళ్లిన వ్యాను కిరాయికి సరిపోయినాది. ఆ పూట ఈయన అన్నం ముట్టనేదు."

ఢిల్లీరావు గుమ్మంలోకొచ్చాడు.

"మరెందుకు నవ్వినావు బావా?"

"ఏడిత్తే సంతంతా సూడదేటి?"

బొడ్డమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. ఇంటికెళ్లి వట్టిగేదెని తోలుకొచ్చింది. దున్న పోయాక ఖాళీ అయిన గుంజకి, ఢిల్లీరావు గడ్డికుప్ప పక్కనే, కట్టేసింది.

"నీ నవ్వు సూసి అమ్మకుండా ఎనక్కి తెచ్చినాను. ఇంక నువ్వే మేపు."

"ఓలమ్మో, ఇదేటన్యాయం!"

"అన్యాయమే. ఆ ఫ్యాక్టరీ గేటుకే కట్టేద్దును గానీ, అక్కడ గడ్డి నేదు."

గేదె అప్పటికే కుప్పలో మూతి పెట్టేసింది. ఢిల్లీరావు గుంజ దగ్గరికి నడిచాడు. తాడు విప్పేస్తాడని గోడ మీంచి చూస్తున్న మేమంతా అనుకున్నాం. ముడి వదులుగా ఉందని బిగించి కట్టాడు.