గోనె కింది ముఖం

'గోనెమొగం' సినిమాను రాహేలు మూడుసార్లు చూసింది. మూడుసార్లూ కొడుకు ఎక్కడున్నాడో పట్టుకోలేకపోయింది.

ఆమె తప్పేం లేదు. సినిమా పొడుగునా హాస్టల్ కుర్రాళ్ళను ఒక్కొక్కరినే కోసి పారేసే ఆ హంతకుడు ఆమె కొడుకు సామేలే. కానీ తల మీద గోనెసంచి, దానికి కళ్ళ దగ్గర రెండు కన్నాలు, అంతే. మాట లేదు, పేరు లేదు. ముప్పై ఏళ్ళుగా సినిమాల్లో దెబ్బలు తినే ఫైటరు అతను. హీరో చేతిలో ఎగిరిపడేవాళ్ళ ముఖాలు ఎవరు చూస్తారు? తీరా పెద్ద వేషం దొరికితే అది కాస్తా సంచిలో పడింది.

"ఏడున్నవ్ బిడ్డా? నాకు కనబడలే."

"గా సంచిల ఉన్న అవ్వా."

"సంచిల ఎవడుంటేంది," అని ఆమె పెదవి విరిచింది. ఆ మాట సామేలు మనసులో ముల్లులా ఉండిపోయింది.

సినిమా బాగా ఆడింది. బాగా ఆడిన సినిమాను సినిమావాళ్ళు ఊరికే వదులుతారా. చంపడాలన్నీ అయిపోయాక, అసలు ఎందుకు చంపాడో చెప్పడానికి ఇంకోటి తీస్తారు. దాన్ని ప్రీక్వెల్ అంటారని డైరెక్టర్ సాత్విక్ చెప్పాడు. సాత్విక్‌కి ఇంకా ముప్పై దాటలేదు. వాళ్ళది గుంటూరు వైపు కుటుంబం, తండ్రి ఉద్యోగం మీద వచ్చి తార్నాకలో ఫ్లాట్ కొనుక్కున్నాడు. ఆ ఫ్లాట్ బాల్కనీలో సామేలును కూర్చోబెట్టి, టీ ఇచ్చి, "అన్నా, ఈసారి సంచి తీసేద్దాం. ఫస్టాఫ్ అంతా మీ ఫేసే," అన్నాడు. యాభై ఒక్క ఏళ్ళ సామేలు టీ కప్పు కింద పెట్టి, తన ముఖం ఒకసారి తడుముకున్నాడు.

మనిషి అలా మెత్తబడి ఉండగానే సాత్విక్ అడిగాడు. "ఎవడైనా అసలు సంచి ఎందుకు కప్పుకుంటాడన్నా?"

పెళ్ళానికి కూడా చెప్పని సంగతి సామేలు చెప్పేశాడు. అరవై తొమ్మిదిలో అతనికి తొమ్మిదేళ్ళు. తల్లి ఇక్కడి యూనివర్సిటీ క్యాంపస్‌లోనే ఒక హాస్టల్ మెస్సులో బియ్యం చెరిగేది. ఒక రోజు వార్డెన్ ఆమెను తలుపు దగ్గర ఆపి కొంగు విప్పమన్నాడు. మూటలోంచి రెండు సేర్ల బియ్యం నేల మీద పడ్డాయి. రాత్రి భోజనానికొచ్చిన పిల్లలందరి ముందూ చెంప మీద కొట్టి, గింజ గింజా ఏరించాడు. తల్లి కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డ సామేలు అదంతా చూశాడు. గోడ పక్కన పడున్న ఖాళీ గోనెసంచి తల మీద కప్పుకుని, లాలాగూడలో ఇంటిదాకా అలాగే నడిచాడు.

"కోపంతోనా అన్నా?"

"కోపమే సార్," అన్నాడు సామేలు. అది పూర్తి నిజం కాదని అనేటప్పుడే అతనికి తెలుసు.

తల్లి దొంగ అని ఆ రోజే అతని మనసులో నాటుకుపోయింది. అవునో కాదో ఆమెను ఎన్నడూ అడగలేదు. తల్లితో బయటికి వెళ్ళాల్సి వస్తే కలిసి నడిచేవాడు కాడు. వెనకో ముందో ఇరవై అడుగులు వదిలేవాడు. పెద్దయ్యాక అందరూ దాన్ని తొందర మనిషి నడక అనుకున్నారు.

*

షూటింగ్ రెండువేల పదకొండు ఫిబ్రవరిలో పెట్టుకున్నారు. క్యాంపస్ అంతా తెలంగాణ నినాదాలతో ఉడుకుతున్న రోజులు. రిపేరు కోసం ఖాళీ చేసిన పాత మెస్ హాలు దొరికింది. రాహేలు పనిచేసింది అందులోనే. తన ముఖం కెమెరా ముందుకొచ్చే మొదటి రోజని సామేలు తల్లిని వెంటబెట్టుకొచ్చాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, ఇస్త్రీ చీర కట్టుకుని, "ఇయ్యాల నీ మొగం తీస్తరు గద?" అని దారిలో నాలుగుసార్లు అడిగింది. సామేలు ముందు నడుస్తూ నాలుగుసార్లూ తీస్తరన్నాడు.

సీన్ పేపరు చేతికొచ్చింది పదకొండుకి. మెస్ హాలు, తల్లి, కొంగులో బియ్యం, వార్డెన్, చెంపదెబ్బ. సాత్విక్ ఒక్కటీ వదల్లేదు. చివర్లో మాత్రం రెండు ముక్కలు కలిపాడు. కొడుకు కూరగాయల కత్తి అందుకుని వార్డెన్ గొంతు కోస్తాడు. తర్వాత సంచి తల మీదకి లాక్కుంటాడు.

"సార్, గిది మా అవ్వ ముచ్చట."

"పేర్లు మార్చాను కదన్నా," అన్నాడు సాత్విక్. అతనికది నిజంగానే సరిపోతుంది అనిపించింది, అదే విచిత్రం. "అక్కడ పుడతాడు మన విలన్. థియేటర్లో జనం లేచి నిలబడతారు చూడండి."

సామేలు తల్లి వైపు చూశాడు. ఆమె గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒకప్పుడు పొయ్యిలుండే మూలను చూస్తోంది. ఆ మనిషి కళ్ళ ముందు ఆ బియ్యం మళ్ళీ నేల మీద పడకూడదు. నలభై రెండేళ్ళ కింద చూసినవాళ్ళు చాలు. పైగా దాన్ని కొడుకే బయట పెట్టాడని తెలిస్తే ఆమె ముఖం ఎట్లా చూడాలి?

"అవ్వా, ఇంటికి పో. ఆటో మాట్లాడ్త."

"నీ మొగం సూడకుండ నేను పోను."

అయినా ఆటో కోసం బయటికి పరుగెత్తాడు. గేటు దగ్గరే ఆగిపోవాల్సి వచ్చింది. తార్నాక చౌరస్తాలో విద్యార్థులు రోడ్డు మీద కూర్చున్నారు. పోలీసులు బారికేడ్లు అడ్డంపెట్టి గేటు మూసేశారు. ఎక్కడో టియర్ గ్యాస్ పేలింది, గాలి ఇటు తిరిగేసరికి కళ్ళు మండాయి. లోపలివాళ్ళు బయటికి లేదు, బయటివాళ్ళు లోపలికి లేదు. సామేలు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

హాల్లో సాత్విక్ గోళ్ళు కొరుకుతున్నాడు. బంద్ రోజు షూటింగేంటని విద్యార్థులు కబురు పంపారట, మధ్యాహ్నానికి వచ్చి ఆపేస్తారట. అందుకని కత్తి సీనే ముందు తీసెయ్యాలి. కానీ తల్లి వేషం వెయ్యాల్సిన ముసలావిడ చౌరస్తా అవతల బస్సులో ఇరుక్కుంది.

సాత్విక్ చూపు హాలంతా తిరిగి ప్లాస్టిక్ కుర్చీ దగ్గర ఆగింది.

"వద్దు సార్," అన్నాడు సామేలు.

"అన్నా, ఒక్క మాట వినండి." సాత్విక్ అతని భుజం మీద చెయ్యేశాడు. "ప్రొడ్యూసర్ మొదట్నుంచీ పేరున్న ఆర్టిస్టును పెట్టమంటున్నాడు. నేనే మీ కోసం పట్టుబట్టాను. ఇవాళ ఈ షాట్ పడకపోతే నా చేతిలో ఏమీ ఉండదు. మీ ఇష్టం."

మీ ఇష్టం అన్న మాట ఎంత మర్యాదగా వినబడుతుందో, మనిషిని అంత గట్టిగా కట్టేస్తుంది. సామేలు నోరు తెరిచేలోపే రాహేలు కుర్చీలోంచి లేచింది. ఆమెకు కళ్ళే మందగించాయి, చెవులు కాదు.

"నేను చేస్త. నా కొడుకు పక్కకే గద నిలబడేది."

అప్పుడైనా సామేలు అడ్డం పడితే సరిపోయేది. పడలేదు. ముప్పై ఏళ్ళ ఆశ ఆ నిమిషం అతని నోరు నొక్కేసింది. అతన్ని వెనకేసుకు రావడం కష్టమే.

ఒక అసిస్టెంటు వచ్చి ఆమె కొంగులో బియ్యం పోసి ముడివేశాడు. బరువు తెలియగానే రాహేలు తల తిప్పి కొడుకు వైపు చూసింది. సామేలు నేల చూశాడు.

వార్డెన్ వేషం శ్రీనివాసులుది. కర్నూలు నుంచి వచ్చి సెక్రటేరియట్‌లో ఉద్యోగం చేసుకుంటూ నాటకాలాడే నెమ్మది మనిషి. "అమ్మా, ఏమనుకోవద్దు. నేను ఉత్తుత్తినే అరుస్తా," అని ఆమెకు ముందే చెప్పుకున్నాడు. సాత్విక్ అతని చెవిలో ఏదో అన్నాడు. శ్రీనివాసులు ముఖం మాడింది. "ముసలామె సామీ. గట్టిగా కొట్టేది నాతో కాదు."

తర్వాత సాత్విక్ సామేలు దగ్గరికొచ్చి కత్తి ఇచ్చాడు. బరువుగా ఉంది. మామూలుగా దూరం షాట్లకు రబ్బరు కత్తి ఇస్తారు, నిజమైనది దగ్గరగా చూపించడానికే. "రబ్బరుది వంగిపోతోందన్నా. మీ కంట్రోల్ మీద నాకు నమ్మకం. బియ్యం కిందపడగానే లోపలికి రండి."

సామేలు గుమ్మం పక్కన నిలబడ్డాడు. తొమ్మిదేళ్ళప్పుడు నిలబడింది కూడా అక్కడే. సున్నం మారింది గాని గుమ్మం అదే. దూరంగా నినాదాలు దగ్గరవుతున్నాయి. లోపల ఎవరో "రోలింగ్" అన్నారు.

"ఏయ్, ఆగు," అన్నాడు శ్రీనివాసులు. "కొంగు విప్పు."

రాహేలు విప్పలేదు.

ముడి మీద రెండు చేతులూ వేసి నిలబడింది. నటించడం ఆమెకు రాదు, ఆమె నటించడం లేదు. సాత్విక్‌కి అది తెలిసింది. కట్ చెప్పకుండా కెమెరామన్‌కి దగ్గరికి పొమ్మని సైగ చేశాడు. శ్రీనివాసులు గుటక మింగి డైలాగు అందుకున్నాడు. "ఎన్నాళ్ళ నుంచి సాగుతోంది ఈ దొంగతనం? విప్పుతావా, నన్ను విప్పమంటావా?" అని చెయ్యి ముడి మీదకి చాపాడు.

బియ్యం ఇంకా కిందపడలేదు. సామేలు లోపలికొచ్చేశాడు.

ఎప్పుడొచ్చాడో అతనికే తెలియదు. ఎడమచేతిలో శ్రీనివాసులు కాలరు ఉంది. కుడిచేతిలో కత్తి అతని గొంతు కింద ఆనుకుని ఉంది. చుట్టూ ఇరవైమంది ఆహా అనుకుంటూ చూస్తున్నారు. అది నటన కాదని తెలిసింది ఇద్దరికే. చల్లటి ఇనుము తగిలిన శ్రీనివాసులుకి, చెయ్యి తన మాట వినడం లేదని గ్రహించిన సామేలుకి. గొంతు మీద చర్మం కదులుతోంది. ఇంకొంచెం నొక్కితే చాలు. నొక్కాలనే ఉంది. నలభై రెండేళ్ళుగా నొక్కాలనే ఉంది.

"ఇడువు సామేలూ," అంది రాహేలు. "గా సారు కాదు. గా సారు సచ్చి శానా దినాలాయె."

కత్తి కదల్లేదు. ఆమె కొడుకును వదిలేసి శ్రీనివాసులు వైపు తిరిగింది. ఆనాటి వార్డెనే ఎదురుగా ఉన్నట్టు చెప్పింది.

"దొంగతనం కాదు సారూ. తెలంగాణ కావాల్నని కొట్లాడి, నలుగురు పోరగాండ్లు పోలీసోల్లకు దొరకకుండ మా లాలాగూడ వర్క్‌షాపుల పాత రైలు డబ్బాల దాక్కున్నరు. గీ మెస్సుల తినే పిల్లలే. ఆల్ల బువ్వ ఆల్లకు మోసిన. నా పెనిమిటి వండుకపోయి ఇచ్చిండు. ఆ దినం మీరు అడిగిండ్రు, ఎవలికని. చెప్తే ఆల్లు దొరుకుతరు. అందుకే దెబ్బ తిన్న."

సామేలు చెయ్యి దానంతటదే దిగింది. శ్రీనివాసులు గోడకు ఆనుకుని మెడ తడుముకున్నాడు. వేలికి సన్నగా నెత్తురంటింది.

సాత్విక్ ముందుగా తేరుకున్నాడు. అతని కళ్ళు మెరుస్తున్నాయి. "అన్నా, మొత్తం పడింది. మీ ముఖం, అమ్మ మాటలు, అన్నీ. ఇలాంటి షాట్ ఎవరి జన్మలోనూ దొరకదు. కథే మార్చేస్తాను."

"గదంత చెరిపెయ్యుర్రి సార్."

"అన్నా, మీకు అర్థం కావట్లేదు. ఇందులో మీరు..."

"చెరిపెయ్యుర్రి," అన్నాడు సామేలు మళ్ళీ. గొంతు పెంచలేదు. అది బతిమాలడమో బెదిరించడమో చెప్పడం కష్టం. కత్తి మాత్రం ఇంకా చేతిలోనే ఉంది. సాత్విక్ దాన్ని చూశాడు, తర్వాత కెమెరామన్‌ని చూశాడు. కెమెరామన్ రెండు బటన్లు నొక్కాడు. సామేలు ముఖం కెమెరాకు చిక్కిన ఒకే ఒక్క నిమిషం అలా చెరిగిపోయింది. సామేలే వచ్చి కెమెరా చిన్న స్క్రీన్‌లో ఖాళీని కళ్ళారా చూసి, కత్తిని బల్ల మీద పెట్టి, శ్రీనివాసులు ముందు చేతులు జోడించాడు.

*

విద్యార్థులు వచ్చేసరికి ఆపడానికి షూటింగే లేదు. సాయంత్రం బారికేడ్లు జరిపారు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. లాలాగూడ దాకా నడకే. పొద్దు వాలిపోతోంది. రాహేలు కొంగులో బియ్యం అట్లాగే ఉంది, ఎవరూ తిరిగి అడగలేదు.

సామేలు అలవాటుగా ముందు నడుస్తున్నాడు. చాలాసేపటికి వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"నాకెందుకు చెప్పలే అవ్వా?"

"నువ్వు అడగలే."

ఇద్దరూ నడిచారు. ఆమె ఆయాసం వినబడుతోంది.

"గోనె కప్పుకొని నా ఎన్క దూరంగ నడిచినవ్ గా దినం," అంది రాహేలు. "ఎండకు కప్పుకున్నడే అన్నడు మీ నాయిన. నేను అవునన్న. పొద్దుగూకినంక ఎండ ఏడుంటది బిడ్డా."

సామేలు ఆగిపోయాడు. ఆమెకు అన్నీ తెలుసు. వార్డెన్ కొట్టిన దెబ్బకు కాదు అతను ముఖం కప్పుకుంది, ఆమె కొడుకని ఎవరూ గుర్తుపట్టకూడదని. ఆ సంగతి తెలిసే ఆమె ఇన్నేళ్ళూ అతని ముఖం చూడాలని సినిమా హాళ్ళకు తిరిగింది.

ఇరవై అడుగుల దూరం ఆమె మెల్లగా నడిచి వచ్చేదాకా అతను రోడ్డు మధ్యలో నిలబడి ఏడ్చాడు. ముఖానికి ఏదీ అడ్డం పెట్టుకోలేదు. ఆమె వచ్చి, మసక కళ్ళతో దగ్గరగా చూసి, కొంగు ముడి విప్పకుండా దాని చివరతోనే అతని చెంపలు తుడిచింది. తర్వాత ఇద్దరూ పక్కపక్కనే నడుచుకుంటూ ఇంటికి పోయారు.