గ్రామీణ ప్రతినిధి సంతకం

తెల్లకాగితం మీద వేలిముద్ర వేయొద్దని వకీలు డానియల్ పదకొండేళ్లుగా కనపడిన ప్రతి మనిషికీ చెబుతున్నాడు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది గానీ మర్రిగూడ వైపు జనం వేలు చాపడం మానలేదు. సాలమ్మ పెనిమిటి సోమన్న అలాగే ఒక పెద్దమనిషిని నమ్మి వేలేశాడు. రెండెకరాల పత్తిచేను పోయింది, ఆ దిగులుతో సోమన్నా పోయాడు. చేను కోసం సాలమ్మ పంతొమ్మిదేళ్లుగా కోర్టు చుట్టూ తిరుగుతోంది.

తిరుగుతోంది అనడం తేలిక. ఆ ఊరి ఫ్లోరైడు బోరునీళ్లకు నడుము వంగి, మోకాళ్లు బిగుసుకుపోయిన మనిషి. రెండు బస్సులు మారి టౌనుకు రావాలి, వచ్చాక ముప్పై రెండు మెట్లెక్కాలి. పోయిన వాయిదా నాడు సగం మెట్ల మీద కూలబడి తేల్చి చెప్పేసింది.

"ఇగ నాతోని గాదు బిడ్డా. మర్రిగూడకు కోర్టొస్తే వస్త. రాకుంటే చేను ఇడిసిపెడ్త."

"వస్తదవ్వా. నేనున్న గద," అన్నాడు డానియల్.

ఊరికే అనలేదు. మర్రిగూడలో కోర్టు పెడితే ఎలా ఉంటుందో చెప్పమని పైకోర్టు నుంచి టౌను వకీళ్ల సంఘానికి కాగితం వచ్చింది. సంఘంలో తొంభై నాలుగు మంది. మర్రిగూడ వైపు వాళ్లు ఏడుగురు. ఆ ఏడుగురూ ఒకప్పుడు అలిగి బయటికి పోతామంటే, అధ్యక్షుడు కమలాకర్ బుజ్జగించి కార్యవర్గంలో ఒక కుర్చీ వేయించాడు. దాని పేరు గ్రామీణ ప్రతినిధి. ఆ కుర్చీలో ఇప్పుడు డానియల్ కూర్చున్నాడు.

మీటింగు మొదలుకాగానే పుస్తకం చేతులు మారింది. వచ్చినవాళ్లు సంతకం పెట్టాలి. సంతకాల పైన వదిలిన ఖాళీలో తీర్మానం తర్వాత రాసుకుంటారు. ఎప్పుడూ జరిగేదే. డానియల్ సంతకం పెట్టి, పక్కాయనకిచ్చి, మాట్లాడటానికి లేచాడు.

బాగా మాట్లాడాడు. వంగిన నడుముల గురించి, ముప్పై రెండు మెట్ల గురించి చెప్పాడు. చప్పట్లు కూడా కొట్టారు. తర్వాత చేతులెత్తమంటే కోర్టు కావాలని ఏడు లేచాయి, వద్దని అరవై ఒకటి.

"మంచిగ చెప్పినవ్ డానియల్," అన్నాడు కమలాకర్. ఆయన దగ్గరే డానియల్ పని నేర్చుకున్నాడు. "గని సగం కేసులు అటు పోతే ఈడ మన జూనియర్ల గతేంది? జర ఆలోచించు."

"మేం ఏడుగురం ఒప్పుకోలేదని రాయుండ్రి సార్. అది చాలు."

"రాస్తం, ఎందుకు రాయం? నీ కుర్చీ ఉన్నదే గందుకు గద."

నలభై రోజులకు జవాబొచ్చింది. గ్రామీణ ప్రతినిధితో సహా వకీళ్లందరూ వద్దన్నందున ఆ ఆలోచన విరమించుకున్నారట. డానియల్ పరుగున పోయి పుస్తకం తెరిచాడు. ఏకగ్రీవంగా తీర్మానించినట్టు గుండ్రని అక్షరాలతో రాసి ఉంది. కింద మూడో సంతకం తనదే.

"ఇదేంది సార్?"

"ఎప్పుడు గట్లనే రాస్తం గదయ్యా. లేకుంటే మన మాటకు విలువేముంటది? పోయినేడు మహిళా వకీళ్ల గది తీసేసిన తీర్మానం యాదికుందా? శ్రీదేవి మేడం వద్దని మొత్తుకున్నా ఏకగ్రీవమనే రాసినం. అప్పుడు నువ్వేమన్నవ్?"

ఏమీ అనలేదు. ఆ గది పోయినా తనకు పోయేదేమీ లేదు కనుక ఆ రోజు డానియల్ హాయిగా సంతకం పెట్టి ఛాయ్ తాగాడు. ఆ సంగతి గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు. తిరిగి పైకి ఉత్తరం రాద్దామని మిగతా ఆరుగురి దగ్గరికి పోతే, రోజూ సీనియర్లతో పని ఉన్నవాళ్లమని తల దించుకున్నారు. తానొక్కడే రాయాలంటే ఏమని రాయాలి? వకీలునైన నేను ఖాళీ కాగితం కింద సంతకం పెట్టానని రాయాలా?

వాయిదా రోజున మెట్ల కింద సాలమ్మకు జరిగిందంతా దాచకుండా చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు.

"మా ముసలోనికి చదువు రాకపాయె," అంది. "నీకేమైంది బిడ్డా?"

సాలమ్మ మెట్ల వంక ఒకసారి చూసి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"కేసు ఇడిసిపెడ్తున్ననని కాగితం రాయి."

అతను సంచిలోంచి తెల్లకాగితం తీసి ఫైలు మీద పెట్టాడు. పెన్ను మూత తీశాడు. సాలమ్మ బొటనవేలు చాపి అడిగింది.

"నువ్వు రాసినంక వెయ్యాల్నా, ముందుగాల్నే వెయ్యాల్నా?"